పోస్ట్‌కి మొదటి బొమ్మ: క్లోజప్ పెట్టాలా, ముఖం పెట్టాలా, అక్షరాలు పెట్టాలా?

ఇంట్లోంచి చీరలు అమ్మేవాళ్లు, పచ్చళ్లు పెట్టి ఊళ్లకి పంపేవాళ్లు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్లు, ఎవరు పోస్ట్ డిజైన్ చేయించుకోడానికి వచ్చినా ముందు అడిగేది ఒకటే. "స్క్రోల్ చేసేవాళ్లు టక్కున ఆగిపోవాలి. మొదట ఏం పెడదాం?" దానికంటే ముందు ఇంకో సంగతి తేల్చుకోమంటాను నేను. ఎవరు ఆగాలి?

ఎర్ర బాణం గుర్తు, నోరు తెరిచిన ముఖం, పసుపు అక్షరాల్లో "షాకింగ్" అని పెడితే ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. ఆగినవాళ్లకి చీర కొనే ఆలోచనే లేకపోతే దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. పైగా నష్టం కూడా. ఆగిన మనిషి రెండు సెకన్లలో వెళ్లిపోతే, ఈ పోస్ట్ మీద జనానికి ఆసక్తి లేదని యాప్ లెక్క వేసుకుంటుంది. యూట్యూబ్‌లో ఒకే వీడియోకి మూడు థంబ్‌నెయిల్స్ (వీడియో తెరవకముందు కనపడే చిన్న బొమ్మలు) దాకా పెట్టి పోల్చుకునే సదుపాయం ఉంది. అందులో ఏది గెలిచిందో తేల్చేది క్లిక్కుల సంఖ్యని బట్టి కాదు, ఏ థంబ్‌నెయిల్ చూసి వచ్చినవాళ్లు ఎక్కువ సేపు వీడియో చూశారన్న దాన్ని బట్టి. అంత పెద్ద కంపెనీయే అలా కొలుస్తుంటే, మనం లైకులు చూసి మురిసిపోవడంలో అర్థం లేదు.

అందుకే ఒక్కో రకాన్నీ రెండు విషయాలు చూసి తూచాను. ఇది ఎవరిని ఆపుతుంది? ఆగినవాళ్లకి ఆ తర్వాత చూపించడానికి మన దగ్గర సరుకు ఉందా?

వస్తువు క్లోజప్

చేత్తో చేసిన వస్తువు అమ్మేవాళ్లకి నా ఓటు దాదాపు ఎప్పుడూ దీనికే. కాకపోతే ఏ చోటు క్లోజప్ అన్నదాంట్లోనే అసలు పనితనమంతా ఉంది.

పోచంపల్లి చీర ఉందనుకుందాం. మామూలుగా చేసేది, చీరని షాపుల్లో ఉండే మనిషి బొమ్మకి కట్టి మొత్తం కనపడేలా ఫోటో తీయడం. ఫోన్ తెర మీద ఆ ఫోటో బొటనవేలంత అయిపోతుంది. అందులో అది పోచంపల్లి చీరో, పోచంపల్లి డిజైన్ అచ్చువేసిన పాలిస్టర్ చీరో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు మనిషి చూసేది ధర ఒక్కటే. ధరలో ప్రింట్ చీరతో చేనేత చీర ఎలా పోటీ పడుతుంది?

అదే చీర అంచుని ఒక జానెడు వెనక్కి మడిచి, ముందు వైపూ వెనక వైపూ ఒకే ఫ్రేములో పడేలా దగ్గరగా తీయండి. ఇక్కత్‌లో, అంటే ఈ పోచంపల్లి నేతలో, నూలుకి ముందే చిటికి కట్టి (పోగుల్ని అక్కడక్కడ బిగించి కట్టి) రంగు అద్ది, తర్వాత మగ్గం ఎక్కిస్తారు. అందువల్ల రంగు పోగులోనే ఉంటుంది, బట్టకి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ప్రింట్ చీరలో వెనక వైపు వెలిసినట్టు పాలిపోయి ఉంటుంది. ఇంకోటి, డిజైన్ గీతల చివర్లు కత్తితో కోసినట్టు ఉండవు, ఈకలాగా కాస్త చెదిరినట్టుంటాయి. ఆ చెదురు ఫోటోలో కనిపించాలి. చేనేత గురించి కొంచెం తెలిసినవాళ్లు ఆ మడత చూడగానే ఆగుతారు. తెలియనివాళ్లకి కూడా "వెనక్కి తిప్పి ఎందుకు చూపిస్తున్నారు?" అని సందేహం వస్తుంది, దానికి జవాబు రెండో ఫోటోలో చెప్పొచ్చు. ఈ ఒక్క ఫోటో కొనేవాళ్లని, ఊరికే చూసిపోయేవాళ్లని విడదీసేస్తుంది.

గద్వాల చీరైతే నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోటు తీయాలి. ఆ అతుకే దాని గొప్పతనం. ఏ వస్తువుకైనా ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది, నకిలీ చేసేవాళ్లకి చేతకాని చోటు. అదెక్కడుందో మీకు తెలియకపోతే నేసినవాళ్లని అడగండి. వాళ్లు ఒక్క క్షణం కూడా ఆలోచించరు.

వెలుతురు సంగతి కూడా చెప్పాలి. ట్యూబ్‌లైట్ కింద జరీ తెల్లటి మరకలా మెరుస్తుంది, రంగు మారిపోతుంది. పొద్దున పూట కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట తీయండి. తెల్ల దుప్పటి మీద పరిస్తే ఫోన్ కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని చీరని నల్లబరుస్తుంది, నల్ల గుడ్డ మీద పరిస్తే వెలవెలబోయేలా చేస్తుంది. ఉత్త గచ్చు నేల వీటన్నిటికంటే మేలు. తెర మీద చీర ఉన్న చోట వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. ఫిల్టర్ మాత్రం వద్దు. "ఫోటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు" అన్న మాట ఒక్కసారి కామెంట్లలో పడితే దాన్ని కడుక్కోవడం చాలా కష్టం.

పని జరుగుతుండగా తీసిన వీడియో

క్లోజప్‌కి గట్టి పోటీ ఇదే. కదిలేదాని మీదికి కన్ను తనంతట తనే వెళ్తుంది కాబట్టి ఎక్కువమందిని ఆపగలదు. అయితే ఎక్కడ మొదలుపెట్టామన్నదే ప్రాణం.

ఆవకాయ వీడియోలు చూడండి. సగానికి సగం కాయలు కడగడంతోనో, కంపెనీ లోగో తిరగడంతోనో, "నమస్కారం అండీ, వెల్‌కమ్ టు..." అంటూనో మొదలవుతాయి. అప్పటికే చూసేవాళ్ల వేలు తెరని పైకి తోసేసి ఉంటుంది. మూడో రోజు వాసెన గుడ్డ విప్పి జాడీ మూత తీసినప్పుడు, కారం పైకి తేలిన నూనెలోకి గరిటె దిగే క్షణం ఉంటుంది చూశారా, అక్కడ మొదలుపెట్టండి. గరిటె ముక్కల్ని కింది నుంచి పైకి తిప్పుతుంటే ఎర్రటి నూనె పక్కలకి జారుతుంది. తెలుగింట్లో పుట్టినవాళ్లు ఆ దృశ్యాన్ని దాటి వెళ్లడం కష్టం, అమెరికాలో ఉన్నవాళ్లయితే ఇంకా కష్టం. కాయలు ఎక్కడివి, ఆవపిండి ఎంత అన్నది ఆ తర్వాత చెప్పుకోవచ్చు.

పోచంపల్లిలోనూ ఇలాంటి క్షణముంది. రంగులో ముంచి తీసిన నూలుకి కట్టిన రబ్బరు పట్టీ విప్పుతుంటే లోపల రంగు అంటని తెల్లటి జాగా బయటపడుతుంది. మగ్గం మీద నాడె ఆడుతున్న వీడియోలు బోలెడు ఉన్నాయి, బాగానే ఉంటాయి కూడా. కానీ కట్టు విప్పడంలో "లోపల ఏముంది?" అన్న ఉత్కంఠ ఉంది. మొదటి రెండు సెకన్లకి దానికి మించింది దొరకదు.

మొదటి ఫ్రేము వేరు, కవర్ వేరు. ఫీడ్‌లో ఎదురైనవాళ్లకి వీడియో నేరుగా ఆడుతుంది, కాబట్టి వాళ్లని ఆపాల్సింది మొదటి ఫ్రేము. మీ ప్రొఫైల్‌కి వచ్చి పాతవి వెతుక్కునేవాళ్లకి కనపడేది కవర్. మొదటిది కదలికతో ఆపాలి, రెండోది విషయమేంటో చెప్పాలి. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కి కవర్ విడిగా తయారుచేసి పెట్టొచ్చు. యూట్యూబ్ షార్ట్స్‌కి మామూలు వీడియోలకి పెట్టినట్టు థంబ్‌నెయిల్ విడిగా చేసి పెట్టడం కుదరదు, వీడియోలోంచే ఒక ఫ్రేము ఎంచుకోవాలి. అందుకని షూట్ చేసేటప్పుడే కెమెరా కదపకుండా, చెయ్యి అడ్డం రాకుండా, ఒక మంచి ఫ్రేము దొరికేలా రెండు మూడు సెకన్లు నిలకడగా పట్టుకోండి.

చాలామంది సౌండ్ ఆపేసి చూస్తారు. గొంతు వింటేనే అర్థమయ్యే మొదలు అయితే అది వాళ్లకి చేరదు. చెప్పే మాట తెర మీద కూడా పడాలి.

ముఖం

మనిషి ముఖం ఆపుతుంది, అందులో అనుమానం లేదు. కానీ అది ఎప్పుడు పనికొస్తుందంటే, అమ్మేది ఆ మనిషి మీద నమ్మకాన్నే అయినప్పుడు. టీచర్, డాక్టర్, లాయర్, పాట నేర్పేవాళ్లు, వీళ్లకి ముఖమే మొదట ఉండాలి. ఎవరి దగ్గర నేర్చుకోబోతున్నామో చూడాలని అందరికీ ఉంటుంది. చీరకీ పచ్చడికీ ముఖం పెడితే కన్ను మనిషి దగ్గరే ఆగిపోయి వస్తువు దాకా రాదు.

వ్యవసాయం ఛానెళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. 2021-22లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడి గుంటూరు, ఖమ్మం రైతులు అల్లాడిపోయారు. అలాంటప్పుడు థంబ్‌నెయిల్ మీద చెప్పే ఆయన ముఖం పెద్దది చేసి, పక్కన పురుగుమందు డబ్బా బొమ్మ పెడితే రైతుకి ఏం తెలుస్తుంది? మిరప పువ్వుని తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి నల్ల పురుగులు రాలి పాకుతాయి. ఆ కాగితం ఫోటో పెడితే, పొద్దున తన తోటలో అదే చూసి వచ్చిన రైతు "ఇదే కదా నా చేలోనూ ఉంది" అని ఆగుతాడు. పంట, జబ్బు, మరమ్మతు, వంటలో తప్పు, ఇలాంటి వాటన్నిటికీ సమస్యనే దగ్గరగా చూపించడం మేలు. మనిషి ముఖం వీడియో లోపల ఎలాగూ కనిపిస్తుంది.

ముఖం పెట్టాలనుకుంటే, కళ్లు చూసే వైపే అక్షరాలు పెట్టండి. మనిషి కుడివైపు చూస్తుంటే మాట కుడివైపు ఉండాలి. చూసేవాళ్ల కన్ను కూడా అటే పోతుంది. ఇక లేని ఆశ్చర్యాన్ని ముఖానికి పులుముకోవడం మానేద్దాం. లోపల లేనిదాన్ని థంబ్‌నెయిల్‌లోనో టైటిల్‌లోనో పెట్టే వీడియోల మీద, ముఖ్యంగా వార్తలకి సంబంధించినవాటి మీద, మన దేశంలో చర్యలు గట్టిపరుస్తామని యూట్యూబ్ 2024 డిసెంబర్‌లోనే ప్రకటించింది. నియమం సంగతి అటుంచితే, ఒకసారి మోసపోయిన మనిషి మన పేరు గుర్తుపెట్టుకుంటాడు.

ఇంట్లోంచి వ్యాపారం చేసే ఆడవాళ్లలో చాలామందికి ముఖం చూపించడం ఇష్టముండదు, ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోవడమూ ఉంటుంది. వాళ్లు దీన్ని లోటు అనుకోవక్కర్లేదు. గాజుల చేతులు, గొంతు చాలు. చేతులు పని చేస్తూ కనిపిస్తే అక్కడ మనిషి ఉన్నట్టే.

అక్షరాల కార్డు

ఫోటో లేకుండా, లేదా వెనక మసగ్గా ఉంచి, పెద్ద అక్షరాలతో ఒక మాట. చేయడం తేలిక, ఖర్చు లేదు. అందుకే అవసరం లేని చోట కూడా దీన్నే వాడేస్తుంటారు.

సమాచారమే సరుకైనప్పుడు దీన్ని మించింది లేదు. గ్రూప్-2 హాల్ టికెట్లు వచ్చాయి, ఇంటర్ ఫీజు గడువు పెంచారు, ఫలానా సర్టిఫికెట్‌కి ఏ కాగితాలు కావాలి, ఇలాంటి వాటికి బొమ్మ అడ్డం తప్ప ఉపయోగం లేదు. ఎదుటివాళ్ల మనసులో ఇప్పటికే ఉన్న ప్రశ్నని ఉన్నది ఉన్నట్టు రాసినా పని చేస్తుంది. "ఆవకాయ మీద నూనె తగ్గిందా?" అన్న కార్డు పచ్చడి ఫోటో కంటే బాగా ఆపుతుంది, ఎందుకంటే ఇంట్లో జాడీ ఉన్నవాళ్లే ఆగుతారు. "మా కొత్త ఉత్పత్తుల ప్రత్యేక శ్రేణి" అన్న కార్డు ఎవరినీ ఆపదు.

తెలుగులో అక్షరాల కార్డు చేసేటప్పుడు ఇంగ్లీషు పోస్టర్ల కొలతలు పనికిరావు. మన అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లీషు టెంప్లేట్‌లో తెలుగు టైప్ చేస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. వరుసల మధ్య జాగా పెంచాలి, అక్షరాల మధ్య జాగా పెంచకూడదు. ఒకే అర్థానికి రెండు మాటలుంటే వత్తులు తక్కువున్నది తీసుకోండి. "ప్రత్యేక వస్త్ర ప్రదర్శన" కంటే "కొత్త చీరలు" చదవడం ఎంత తేలికో ఫోన్‌లో పెట్టి చూడండి.

అక్షరాల చుట్టూ మందంగా గీత వేయడం ఇంకో అలవాటు. పసుపు అక్షరానికి ఎర్ర గీత, దాని మీద తెల్ల గీత. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు దాన్ని తట్టుకుంటాయి. తెలుగు అక్షరాల్లో లోపలి ఖాళీలు చిన్నవి, గీత మందమైతే అవి పూడిపోతాయి. "ధర" కింద ఉన్న చిన్న వత్తు గీతలో కలిసిపోయి "దర" అయిపోతుంది. ష, ప మధ్య తేడా పోతుంది. గీత అవసరం లేకుండా ముదురు రంగు మీద లేత అక్షరమో, లేత రంగు మీద ముదురు అక్షరమో వేస్తే చాలు.

ఫాంట్ల విషయంలో ఇప్పుడు మనకి కొదవ లేదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో రామభద్ర, బాలూ తమ్ముడు హెడ్డింగులకి నిండుగా ఉంటాయి. కింద రాసే చిన్న మాటలకి మల్లన్న, మండలి, హింద్ గుంటూరు, నోటో సాన్స్ తెలుగు బాగుంటాయి. ఒక బొమ్మలో రెండు ఫాంట్లు మించొద్దు. అను ఫాంట్లకి (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లకి) అలవాటు పడ్డ డీటీపీ వాళ్ల చేత చేయిస్తే బొమ్మ అందంగానే వస్తుంది. కానీ అదే మాటని కాపీ చేసి క్యాప్షన్‌లో పెడితే పిచ్చి గుర్తులొస్తాయి, మళ్లీ యూనికోడ్‌లో టైప్ చేసుకోవాలి. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తుంటే తప్పు ఫాంట్‌ది కాదు, టైప్ సెట్టింగుల్లో మన భాషలకి సరిపడే అమరికని ఎంచుకోవాలి.

ఫేస్‌బుక్ ప్రకటనల బొమ్మలో 20 శాతం మించి అక్షరాలు ఉండకూడదన్న నియమాన్ని 2020లోనే తీసేశారు. ఇప్పటికీ కొందరు దానికి భయపడి ధర కూడా రాయరు. ధర రాయండి. "ధర కోసం మెసేజ్ చేయండి" అన్నప్పుడు మొహమాటపడేవాళ్లు మెసేజ్ చేయరు, చేసేవాళ్లలో ఎక్కువమంది ధర విని మాయమవుతారు. మొదటి బొమ్మ మీద ధర వేస్తే క్లోజప్ అందం పాడవుతుందనుకుంటే రెండో ఫోటో మీద వేయండి. ఒకసారి చూసి తిప్పకుండా వెళ్లిపోయినవాళ్లకి ఇన్‌స్టాగ్రామ్ అదే పోస్ట్‌ని ఒక్కోసారి రెండో ఫోటోతో మళ్లీ చూపిస్తుంది. అందుకని ఆ రెండోది కూడా ఇంకో మొదటి బొమ్మే అనుకుని చేయాలి.

మిగతావి, క్లుప్తంగా

ముందు–తర్వాత ఫోటోలు ఇంటీరియర్, టైలరింగ్, పాత ఇత్తడి సామాన్లకి మెరుగుపెట్టడం లాంటి పనులకి బ్రహ్మాండంగా పనికొస్తాయి. రెండూ ఒకే చోటి నుంచి, ఒకే వెలుతురులో తీయాలి, లేకపోతే ఎవరూ నమ్మరు. ఒంటికి, చర్మానికి, జుట్టుకి సంబంధించిన సరుకులకి వీటిని వాడొద్దని గట్టిగా చెబుతాను.

పండగ పోస్టర్ టెంప్లేట్లు, అంటే చుట్టూ బంతిపూలు, మూలన మీ ఫోటో, మధ్యలో శుభాకాంక్షలు, ఉగాదికీ సంక్రాంతికీ ఎటూ తప్పవు. తెలిసినవాళ్ల మధ్య మర్యాదకి బాగుంటాయి. కొత్త కొనుగోలుదారుని మాత్రం తీసుకురావు, ఎందుకంటే ఆ రోజు అందరి ఫీడ్‌లోనూ అవే ఉంటాయి.

ఏఐతో చేసిన బొమ్మ మీ దగ్గర ఉన్న వస్తువుది కాదు. చేనేత చీర అమ్ముతూ ఏఐ అమ్మాయికి ఏఐ చీర కట్టించి మొదట పెడితే, చూసేవాళ్లకి మిగతా ఫోటోల మీద కూడా అనుమానం మొదలవుతుంది. పాఠం వివరించడానికో, కథకి బొమ్మగానో అయితే వాడుకోండి. అమ్మే సరుక్కి వద్దు.

ఏ కొలతలో చేయాలి

ఫోన్ నిలువుగా పట్టుకునే చోట నిలువు బొమ్మకే ఎక్కువ జాగా దొరుకుతుంది. ఇన్‌స్టాగ్రామ్ పోస్ట్‌కి చదరం బదులు 1080×1350 (పిక్సెళ్లలో వెడల్పు, ఎత్తు) వాడండి. 2025 మొదట్లో ప్రొఫైల్ గ్రిడ్ (మీ పోస్టులన్నీ గళ్లలా కనపడే చోటు) కూడా చదరం నుంచి 3:4 నిలువుకి మారింది, దానివల్ల పాత పోస్టుల అంచులు కత్తిరించినట్టు కనిపించడం మీరూ గమనించి ఉంటారు. యాప్‌లు ఇలా మారుస్తూనే ఉంటాయి కాబట్టి ముఖ్యమైనదేదీ అంచుల్లో పెట్టకపోవడమే మంచిది. రీల్స్‌కి 1080×1920. కింది భాగంలో క్యాప్షన్, కుడివైపు బటన్లు వచ్చి కూర్చుంటాయి, అక్షరాలు మధ్యలో ఉంచండి. యూట్యూబ్ థంబ్‌నెయిల్ 1280×720, కింద కుడి మూల వీడియో నిడివి అంకెలు పడతాయి, అక్కడ ధరో ఫోన్ నంబరో రాస్తే కనపడదు. వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు బొమ్మ చిన్న ముక్కలా వస్తుంది, అందులో రెండు మాటలకి మించి చదవలేరు.

కంప్యూటర్ మీద పెద్దగా చూసి ఓకే అనకండి. ఫోన్‌కి పంపించుకుని, బ్రైట్‌నెస్ తగ్గించి, ఎండలో నిలబడి చేయి చాచి చూడండి. అప్పుడు కూడా అదేంటో తెలిస్తే పోస్ట్ చేయొచ్చు.

నన్ను అడిగితే

చేనేత, నగలు, చెక్క బొమ్మలు: మొదట నకిలీ చేయలేని చోటు క్లోజప్, వారానికి ఒకటి పని జరిగే వీడియో. పచ్చళ్లు, పిండివంటలు: వీడియోనే ముందు, సీసా ఫోటో చివర. పాఠాలు, సలహాలు: ముఖం, పక్కన నాలుగు మాటలు. నోటిఫికేషన్లు, గడువులు: ఒట్టి అక్షరాలు. పంట, మరమ్మతు: సమస్య ఫోటో. మీకు రెండు రకాల మధ్య తేలకపోతే రెండూ చేయండి, కానీ ఒకే రోజు వద్దు. రెండు వేర్వేరు వారాల్లో, మంగళవారమైతే రెండోదీ మంగళవారమే, అదే వేళకి, అదే ధర సరుకుతో పెట్టండి. అన్నీ మార్చేస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు.

తర్వాత చూడాల్సింది లైకులు కాదు. ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది ఇంకొకరికి పంపించారు, మెసేజ్‌లో ఏం అడిగారు. "బాగుంది" అన్న మెసేజ్ కంటే "ఇదే డిజైన్ నీలంలో ఉందా?" అన్న మెసేజ్‌కి పదింతల విలువ. అలాంటి ప్రశ్నలు ఏ బొమ్మ కింద ఎక్కువ వస్తున్నాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉంటే, రెండు మూడు నెలల్లో మీ కొనుగోలుదారులకి ఏ రకం సరిపోతుందో మీకే తెలిసిపోతుంది.